ఫ్యాటీ లివర్, షుగరు రెండూ ఉంటే ఏది మేలు: మెట్‌ఫార్మినా, పయోగ్లిటజోనా, సెమాగ్లూటైడా, కంచంలో అన్నం తగ్గించడమా?

స్కానింగులో ఫ్యాటీ లివర్ అని రాగానే భీమవరంలోనైనా అమలాపురంలోనైనా ముందు మానేసేది నూనె. కానీ ఊబకాయం ఉన్నవాళ్ళలో కొలిచి చూస్తే, కాలేయంలో చేరిన కొవ్వులో తిన్న కొవ్వు నుంచి వచ్చింది సుమారు 15 శాతమే. దాదాపు 60 శాతం ఒంట్లోని కొవ్వు కరిగి రక్తంలో వచ్చినది. పావు వంతు అన్నం, తీపి లాంటి పిండిపదార్థాల నుంచి కాలేయం తానే తయారుచేసుకున్నది.

మామూలుగా ఇన్సులిన్ ఒంట్లోని కొవ్వును కరగకుండా పట్టి ఉంచుతుంది. ఇన్సులిన్ మాట చెల్లనప్పుడు గట్టు తెగిన కాలువలా కొవ్వు ఆమ్లాలు కాలేయంలోకి పారతాయి. అక్కడి కుప్ఫర్ కణాలు (కాలేయంలో కాపలా కాసే రోగనిరోధక కణాలు) రెచ్చిపోయి టీఎన్ఎఫ్-ఆల్ఫా లాంటి పదార్థాలు వదులుతాయి. వాటివల్ల వాపు వస్తుంది, ఇన్సులిన్ మాట ఇంకా చెల్లకుండా పోతుంది. రాత్రి ఏమీ తినకపోయినా పరగడుపు షుగరు 160 ఉండడానికి ఒక కారణం ఇదే: కాలేయం రాత్రంతా గ్లూకోజు వదులుతూనే ఉంటుంది.

మెట్‌ఫార్మిన్ ఆ గ్లూకోజును తగ్గిస్తుంది. షుగరుకి మంచి మందు, ఆపకూడదు. అయితే కాలేయంలోని వాపునూ మచ్చనూ (వాపు వల్ల గట్టిపడిన భాగం, ఫైబ్రోసిస్) అది తగ్గించినట్టు బయాప్సీలలో, అంటే కాలేయం ముక్క తీసి చూసే పరీక్షల్లో, తేలలేదు.

పయోగ్లిటజోన్ గట్టునే బాగుచేస్తుంది. కొవ్వును కాలేయం నుంచి చర్మం కిందికి మళ్ళిస్తుంది, వాపు తగ్గిస్తుంది. బరువు మాత్రం 2 నుంచి 4 కిలోలు పెరగొచ్చు, పాదాలు పొంగొచ్చు. బీపీకి ఆమ్లోడిపిన్ కూడా వాడుతుంటే ఏ మందు వల్ల పొంగిందో తేలదు, డాక్టరుకు రెండూ చెప్పాలి. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్ళకు, మూత్రాశయ క్యాన్సర్ వచ్చినవాళ్ళకు ఇది వద్దు. ఆడవాళ్ళలో ఎముకలు విరిగే ముప్పు పెరుగుతుంది.

సెమాగ్లూటైడ్ ఆకలిని, బరువును తగ్గిస్తుంది. కాలేయంలో వాపుతోపాటు ఓ మోస్తరు నుంచి ముదిరిన మచ్చ ఉండి, సిర్రోసిస్ (కాలేయమంతా మచ్చపడి గట్టిపడడం) రానివాళ్ళకు అమెరికా 2025 ఆగస్టులో దీన్ని ఆమోదించింది. వారానికో ఇంజెక్షను. 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నాలుగేసి వారాలకు పెంచుతారు. తొందరపడి పెంచితే వాంతులు. ముందే కంటి రెటీనా చూపించుకోవాలి. ఆపేస్తే బరువు మళ్ళీ పెరుగుతుంది.

వీటన్నిటికంటే ముందు నిలబడేది బరువు తగ్గడమే. 80 కిలోల మనిషి 4 కిలోలు తగ్గితే కాలేయంలో కొవ్వు తగ్గుతుంది. వాపు తగ్గాలంటే 6 కిలోలు, మచ్చ కరగాలంటే 8 కిలోలు తగ్గాలి. మన కంచంలో చిక్కు ఎక్కడంటే పప్పులోకి ఒకసారి, పులుసులోకి ఒకసారి, పెరుగులోకి మరోసారి అన్నం పడుతుంది. బియ్యాన్ని వండకముందే కాటాలో పెట్టండి. 50 గ్రాముల బియ్యం వండితే సుమారు 150 గ్రాముల అన్నం, 40 గ్రాముల పిండిపదార్థం. పూటకు అది చాలు. మిగతా కడుపు బీరకాయ, ఆనపకాయ కూరలతో, చేపతో నిండాలి. దంపుడు బియ్యమైనా కొలత ఇదే. ఆత్రేయపురం పూతరేకుల్లో బెల్లంవి మేలనుకోవద్దు. బెల్లంలోనూ ఎక్కువ భాగం పంచదారే, అందులో సగం ఫ్రక్టోజు, అది కాలేయంలో కొవ్వుగా మారుతుంది.

ఎవరికి ఏది అన్నది స్కానింగులోని గ్రేడు చెప్పదు, అది కొవ్వునే చూస్తుంది. మచ్చను అంచనా కట్టడానికి ఫిబ్-4 అనే లెక్క ఉంది. రక్తపరీక్షలో వచ్చే ఏఎస్‌టీ, ఏఎల్‌టీ అనే కాలేయ ఎంజైముల అంకెలు కావాలి: వయసును ఏఎస్‌టీతో గుణించి, ప్లేట్‌లెట్లను ఏఎల్‌టీ వర్గమూలంతో గుణించి, మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. 55 ఏళ్ళు, ఏఎస్‌టీ 48, ఏఎల్‌టీ 36, ప్లేట్‌లెట్లు 1.6 లక్షలు అనుకోండి. లెక్కలో ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకుంటారు కాబట్టి 1.6 కాదు, 160 వేయాలి. వచ్చేది 2.75. ఏఎల్‌టీ నార్మల్‌గానే ఉంది, మనిషికి మాత్రం ముప్పు ఎక్కువ. 1.3 లోపు ఉంటే అన్నం, నడకతో మొదలుపెట్టవచ్చు. 65 దాటినవాళ్ళకు ఆ హద్దు 2. దాటితే ఫైబ్రోస్కాన్, అంటే కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే స్కానింగు. 2.67 పైన ఉంటే ఆలస్యం చేయకుండా కాలేయ నిపుణులకు చూపించాలి.

గ్లిమెపిరైడ్ అనే షుగరు మాత్ర గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్ళు అన్నం తగ్గించేముందు డాక్టరుతో మాట్లాడి డోసు తగ్గించుకోవాలి. లేకపోతే షుగరు పడిపోయి చెమటలు పడతాయి, వణుకు వస్తుంది.