ప్రాధాన్య ఓట్ల లెక్కింపు: ఏ పద్ధతి మేలు?

కృష్ణా-గుంటూరు పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో ఓటు వేసినవారికి ఆ ఊదారంగు స్కెచ్ పెన్ను గుర్తుండే ఉంటుంది. నచ్చిన పేరు ఎదురుగా 1, ఆ తర్వాత 2, 3. మీట నొక్కితే చెప్పలేని మాటను ఆ కాగితం మీద చెప్పగలం. అయితే ఆ అంకెలను లెక్కించే తీరు మారితే విజేతే మారిపోతారు.

గుంటూరు బ్రాడీపేటలో 20 ఇళ్ల అపార్ట్‌మెంటు అనుకుందాం. కొత్త బోరు వేయిద్దామన్న ఆయనకు 8 మొదటి ప్రాధాన్య ఓట్లు, పైసా ఖర్చు వద్దన్న ఆయనకు 7, పాత బోరు బాగు చేయిద్దామన్న ఆవిడకు 5 వచ్చాయి. మిగతా 15 ఇళ్లూ రెండో ప్రాధాన్యం ఆవిడకే ఇచ్చాయి.

ఎమ్మెల్సీ పద్ధతిలో గెలవాలంటే సగం దాటాలి, అంటే 11 కావాలి. ఎవరికీ రాలేదు కాబట్టి అందరికన్నా తక్కువ ఓట్లు వచ్చిన ఆవిడే ముందు పోటీ నుంచి తప్పుకోవాలి, ఆవిడ ఓట్లు రెండో ప్రాధాన్యం ప్రకారం మిగతావారికి వెళ్తాయి. ఆవిడ 5 కాగితాల్లో రెండో ప్రాధాన్యం 3 కొత్త బోరుకు, 2 ఖర్చు వద్దన్న ఆయనకు ఉంటే, కొత్త బోరు 11-9తో గెలుస్తుంది. కానీ ముఖాముఖి నిలబెడితే ఆవిడ 12-8తో ఒకరినీ, 13-7తో మరొకరినీ ఓడించేది! 2009లో అమెరికాలోని బర్లింగ్‌టన్ మేయర్ ఎన్నికలో ఇలాగే ఎవరితో ముఖాముఖి పోల్చినా గెలిచే అభ్యర్థి లెక్కింపు మధ్యలోనే తప్పుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడాదే అక్కడి ఓటర్లు ఆ పద్ధతిని రద్దు చేశారు.

స్థానానికి ఇన్ని చొప్పున 2, 1, 0 మార్కులు వేసే బోర్డా పద్ధతిలో ఆవిడ 25తో గెలుస్తుంది. అయినా ఈ పద్ధతి మీద నాకు నమ్మకం లేదు. కొత్త బోరు వాళ్లు 8 మందీ కూడబలుక్కుని ఆవిడను మూడో స్థానానికి నెడితే ఆవిడ 17కు పడిపోతుంది. అప్పుడు గెలిచేది వాళ్లు అస్సలు కోరుకోని ‘ఖర్చు వద్దు’ ఆయనే, 24 మార్కులతో.

అలాగని, ఎమ్మెల్సీ ఎన్నికల్లోని ఆ తొలగింపు పద్ధతిని పూర్తిగా వదులుకోవడం నాకు ఇష్టం లేదు. 1969 రాష్ట్రపతి ఎన్నికలో వి.వి. గిరికి మొదటి ప్రాధాన్యంలో 4,01,515 ఓట్ల విలువే వచ్చింది, గెలవడానికి కావాల్సిన కోటా 4,18,169. రెండో ప్రాధాన్యాలు కలిపాక ఆయన 4,20,077తో కోటా దాటి నీలం సంజీవరెడ్డిని ఓడించారు. కాగితాలు కట్టలు కట్టి, ఏజెంట్ల కళ్లెదుటే తేల్చగల లెక్క అది.

విజయవాడ మేయరును ఇలా ఎన్నుకోవాలంటే నేను ఒక్క మార్పు కోరతాను. అట్టడుగున ఉన్న ఒక్కరినే తీసేయకుండా, చివరి ఇద్దరినీ ముఖాముఖి పోల్చి, ఓడినవారిని తొలగించాలి. మన అపార్ట్‌మెంటులో అప్పుడు ముందు పోయేది ‘ఖర్చు వద్దు’ ఆయన, చివరికి 12-8తో గెలిచేది ఆవిడ. దీనికీ ఒక మూల్యం ఉంది: మనం రాసిన రెండో ప్రాధాన్యం ఒక్కోసారి మన మొదటి అభ్యర్థికే దెబ్బ కావచ్చు. ఎక్కువమంది ఒప్పుకునే మనిషిని పోగొట్టుకోవడం కన్నా అది చిన్న నష్టమని నా అభిప్రాయం. లెక్కింపు బల్ల మీద అదనపు పని కూడా కొద్దే: ఆ ఇద్దరిలో ఎవరి ఎదుట చిన్న అంకె ఉందో చూసి, కాగితాలను రెండు కుప్పలుగా వేరుచేయడం.