రేడియో గొంతు వెంట మూడు రోజులు: న్యూయార్క్, హైడ్ పార్క్, గ్రోవర్స్ మిల్

రెండు ప్రపంచ యుద్ధాల నడుమ రేడియో, సినిమా అమెరికా జీవితాన్ని ఎంతగా మార్చాయో చదివినప్పటి నుంచీ, ఆ మార్పు జరిగిన చోట్లను చూడాలన్న కోరిక నాకు బలంగా ఉండేది. నిరుడు అక్టోబరులో నేను, నా శ్రీమతి అందుకోసం మూడు రోజులు కేటాయించుకున్నాము.

మొదట మన్‌హాటన్‌లోని రేడియో సిటీ మ్యూజిక్ హాల్‌కు వెళ్లాము. ఆర్థిక మాంద్యం ముదిరిన రోజుల్లో, 1932 డిసెంబరు 27న, దాదాపు 6,000 మంది కూర్చునేలా తెరిచిన ఈ హాలులో వేదిక మీద తోరణాలు అస్తమించే సూర్యుడి కిరణాల్లా విచ్చుకుని ఉంటాయి. గైడ్ ఓపికగా వివరించారు గానీ, గుంపు పెద్దది కావడంతో ఎక్కడా నిలబడి తనివితీరా చూడలేకపోయాము. మధ్యాహ్నం చూసిన ఆస్టోరియాలోని మూవింగ్ ఇమేజ్ మ్యూజియం అంతకంటే తీరికగా ఉంది. 1920లో మొదలైన స్టూడియో ప్రాంగణంలోనే దీన్ని ఏర్పాటు చేశారు.

రెండో రోజు గ్రాండ్ సెంట్రల్ నుంచి పోకిప్సీకి రైలెక్కాము. ప్రయాణం సుమారు రెండు గంటలు. ఎడమవైపు కూర్చుంటే హడ్సన్ నది దాదాపు దారంతా కనిపిస్తుంది. అక్కడి నుంచి టాక్సీలో హైడ్ పార్క్‌లో, మాంద్యం నాటి అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ పేరిట ఉన్న గ్రంథాలయ మ్యూజియం చేరుకున్నాము. ఈ యాత్రలో నా మనసుకు హత్తుకున్న చోటు ఇదే. ఆనాటి వంటగదిలా అమర్చిన చోట కూర్చుని, రేడియోలో అధ్యక్షుడి ప్రసంగం వినవచ్చు. 1933 మార్చి 12 ఆదివారం రాత్రి, దేశమంతటా బ్యాంకులు మూతపడి ఉన్నప్పుడు, ఆయన బ్యాంకు ఎలా పనిచేస్తుందో సామాన్యుడికి అర్థమయ్యే మాటల్లో చెప్పారు. బ్యాంకులు మళ్లీ తెరుచుకున్నాక, అంతకుముందు డబ్బు తీసుకోవడానికి బారులు తీరిన జనమే తిరిగి జమ చేయడానికి వచ్చారు. తనను వ్యతిరేకించే పత్రికాధిపతులను దాటి ఆయన నేరుగా ఇళ్లలోకి వెళ్లగలిగారంటే అది రేడియో చలవే. 1930 జనగణన నాటికి సుమారు 40 శాతం కుటుంబాలకే రేడియో ఉండగా, 1940 నాటికి అది 80 శాతం దాటింది. కరెంటు లేని పొలం ఇళ్లలో సైతం బ్యాటరీతో నడుపుకుని విన్నారు. ఆ బల్ల దగ్గర కూర్చున్నప్పుడు, ఊరి పంచాయతీ రేడియో చుట్టూ జనం మూగేవారని మా నాన్నగారు చెప్పిన సంగతి గుర్తుకొచ్చి, అక్కడి నుంచి లేవబుద్ధి కాలేదు.

ఆ రాత్రి బస మాత్రం నిరాశపరిచింది. గదిలో హీటర్ పనిచేయలేదు. రెండుసార్లు చెప్పినా ఎవరూ రాలేదు.

మూడో రోజు న్యూజెర్సీలో, తెలుగు కుటుంబాలు చాలా ఉన్న వెస్ట్ విండ్సర్‌లోని గ్రోవర్స్ మిల్ చూశాము. 1938 అక్టోబరు 30న నటుడు, దర్శకుడు ఆర్సన్ వెల్స్ వార్తల ప్రసారంలా నడిపిన రేడియో నాటకంలో అంగారక గ్రహవాసులు దిగిన చోటు ఇది. నిజమైన వార్తలనుకుని కొందరు బెదిరిపోయిన మాట వాస్తవమే. అయితే దేశమంతా వీధుల్లోకి పరుగెత్తిందన్నది, ప్రకటనల ఆదాయం రేడియోకు పోతున్నదన్న కోపంతో ఉన్న పత్రికలు పెంచి రాసిన కథ అని నా అభిప్రాయం. చెరువు పక్క పార్కులో 50 ఏళ్ల సందర్భంగా నిలిపిన స్మారక ఫలకం ఉంది. ప్రవేశ రుసుము లేదు, అరగంట చాలు.

ఒక్క రోజే వీలున్నవారు మిగిలినవి వదిలి హైడ్ పార్క్‌కే వెళ్లండి. ఉదయాన్నే బయలుదేరితే రూజ్‌వెల్ట్ ఇల్లు కూడా చూసుకుని సాయంత్రం రైలుకు న్యూయార్క్ చేరవచ్చు, హైడ్ పార్క్‌లో రాత్రి బస చేయనక్కరలేదు.