సీసీ కెమెరాలు పెట్టించే అపార్ట్‌మెంట్ల వాళ్లకు: పగటిపూట చూసి డబ్బులు ఇచ్చేయకండి

మాది విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద మీద పడ్డప్పుడు సెల్లార్ నిండా నీళ్లు. వాచ్‌మన్ గదిలో ఉన్న పాత డీవీఆర్ (రికార్డింగ్ పెట్టె) బురదలో కలిసిపోయింది. ఆ తర్వాత ఇంటింటికీ తిరిగి చందాలు పోగేసి కొత్తవి పెట్టించాం. 8 కెమెరాలు, ఎన్‌వీఆర్ (ఈ కొత్త రకం కెమెరాల రికార్డింగ్ పెట్టె), పీఓఈ స్విచ్ (ఒకే కేబులులో కెమెరాకు కరెంటు, నెట్‌వర్క్ రెండూ ఇచ్చే పెట్టె), కేబులు, కూలీతో కలిపి 86 వేలు. అసోసియేషన్ సెక్రటరీని నేనే. బేరమాడిందీ నేనే, బోల్తా పడిందీ నేనే. షాపు పేరు చెప్పను, అడగొద్దు.

బిగించిన రోజు మధ్యాహ్నం మూడింటికి షాపతను అందర్నీ పిలిచి టీవీలో చూపించాడు. గేటు బయట బోండాల బండి మీద కాయలు లెక్కపెట్టుకోవచ్చండీ అన్నాడు. నిజమే, కనిపించాయి. అక్కడికక్కడే మిగతా డబ్బు ఇచ్చేశాం.

నలభై రోజులు తిరక్కుండా సెల్లార్‌లో బండి పోయింది. మూడో అంతస్తులో ఉండే కుర్రాడిది, ఇంకా ఈఎంఐలు నడుస్తున్నాయి. రికార్డింగ్ తీసి చూస్తే రాత్రి 2:36కి గేటు మూసే ఉంది. ఆ తర్వాత బొమ్మే లేదు. మళ్లీ 2:41కి వచ్చేసరికి గేటు బార్లా తెరిచి ఉంది. వెనక్కి వెళ్లి చూస్తే ప్రతి రాత్రీ ఇదే తంతు. చీకటి పడ్డాక గేటు కెమెరా నాలుగైదు నిమిషాలకోసారి ఆగిపోతోంది, మళ్లీ లేస్తోంది. షాపతన్ని అడిగితే, మీ ఏరియాలో కరెంటు హెచ్చుతగ్గులండీ, యూపీఎస్ పెట్టుకోండి అన్నాడు. ఆ యూపీఎస్ కూడా అతని దగ్గరే కొన్నాం. నవ్వకండి.

అసలు సంగతి సంక్రాంతికి వచ్చిన మా మేనల్లుడు చెప్పాడు. హైదరాబాద్‌లో నెట్‌వర్క్ పని చేస్తాడు. వాడు కెమెరా వైపు చూడనే లేదు. "మావయ్యా, స్విచ్ అడాప్టర్ ఎక్కడుందో చూపించు" అన్నాడు. దాని మీద 48 వోల్టులు, 1.25 ఆంపియర్లు అని ఉంది. రెండూ హెచ్చవేస్తే 60 వాట్లు. ఎనిమిది కెమెరాలకూ కలిపి ఉన్న కరెంటు అంతే. అందులో స్విచ్ తనకు కావలసింది కూడా తీసుకుంటుంది. మా కెమెరా పెట్టె మీద గరిష్ఠం 9 వాట్లు అని రాసి ఉంది. ఎనిమిది తొమ్మిదులు డెబ్భై రెండు.

పగలు కెమెరా లోపలి లైట్లు వెలగవు కాబట్టి ఒక్కోటి నాలుగైదు వాట్లతో సరిపెట్టుకుంటుంది. చీకటి పడగానే ఎనిమిదింటిలోనూ ఐఆర్ లైట్లు (చీకట్లో చూడ్డానికి కెమెరా వేసుకునే, కంటికి కనపడని వెలుగు) వెలుగుతాయి. మొత్తం 60 దాటగానే స్విచ్ ఏదో ఒక పోర్టుకు (కెమెరా కేబులు గుచ్చే చోటు) కరెంటు ఆపేస్తుంది. చాలా స్విచ్‌లలో చివరి నంబరు పోర్టు ముందు పోతుంది. మాకు ఎనిమిదో పోర్టులో ఉన్నది గేటు కెమెరా. ఆగిన కెమెరా మళ్లీ మొదలవుతుంది. మొదలయ్యేటప్పుడు లైట్లు వెలగవు కాబట్టి అప్పటికి సరిపోతుంది. లైట్లు వెలగ్గానే మళ్లీ గోవిందా. తెల్లవార్లూ ఇదే.

ఎనిమిది పోర్టులున్నంత మాత్రాన ఎనిమిది కెమెరాలు నడుస్తాయని కాదు. పీఓఈకి 2003లో వచ్చిన ఐఈఈఈ 802.3ఏఎఫ్ అనే ప్రమాణం ప్రకారం ఒక్కో పోర్టు 15.4 వాట్ల దాకా ఇవ్వగలగాలి. అలా ఎనిమిదీ నిండుగా నడవాలంటే 123 వాట్లు కావాలి. అందుకని కొటేషన్‌లో "8 పోర్ట్ పీఓఈ స్విచ్" అని ఊరుకుంటే ఒప్పుకోకండి. మొత్తం ఎన్ని వాట్లో రాయించుకోండి. కెమెరాల గరిష్ఠ వాట్లు మీరే కూడి, దాని మీద పావు వంతు ఎక్కువ ఉన్న స్విచ్ అడగండి.

మేనల్లుడు ఇంకోటి కూడా పట్టుకున్నాడు. వరద భయంతో ఈసారి సామాను అంతా టెర్రస్ మీద లిఫ్ట్ గదిలో పెట్టించాం (బెజవాడ ఎండల్లో ఆ గది పొయ్యిలా కాలుతుందని మాకు తట్టలేదు, అది వేరే కథ). దాంతో గేటుకు కేబులు దాదాపు 70 మీటర్లయింది. మామూలుగా 100 మీటర్ల దాకా ఇబ్బంది ఉండదు. కానీ షాపతను వేసింది రాగి కేబులు కాదు, అల్యూమినియం తీగకు రాగి పూత. బ్లేడుతో గీరితే లోపల తెల్లగా మెరిసింది. దాంట్లో కరెంటు దారిలోనే తగ్గిపోతుంది. లింకు నిలవకపోయేసరికి స్విచ్ ముందు ఉండే చిన్న బటన్‌ను "ఎక్స్‌టెండ్" వైపు జరిపేశాడు. అది 250 మీటర్ల దూరాలకు పెట్టిన సదుపాయం. అటు జరిపితే ఆ పోర్టుల వేగం సెకనుకు 10 మెగాబిట్లకు పడిపోతుంది. గేటులో బండ్లు కదిలినప్పుడల్లా బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోవడానికి కారణం అదే. మేమేమో కెమెరా నాసిరకం అనుకున్నాం.

కెమెరా నాసిరకం కాదు గానీ ఆ చోటికి పనికొచ్చేది కాదు. ఎనిమిదింటికీ 2.8 మిల్లీమీటర్ల లెన్సే పెట్టాడు. లిఫ్ట్ ముందు, మెట్ల దగ్గర అది బ్రహ్మాండం. మా గేటు కెమెరాకు 8 మీటర్ల దూరం. ఆ లెన్స్ అక్కడ దాదాపు 19 మీటర్ల వెడల్పు చూపిస్తుంది. 4 మెగాపిక్సెల్ బొమ్మ అడ్డంగా 2560 చుక్కలు (పిక్సెళ్లు). అంటే మీటరుకు 135 చుక్కలు కూడా రావు. తెలియని మనిషి ముఖం గుర్తుపట్టాలంటే మీటరుకు 250 ఉండాలన్నది ఈ రంగంలో అందరూ వాడే కొలత. మా రికార్డింగ్‌లో పక్కింటి ఆయన్ని నడకను బట్టి పోల్చుకుంటాం, దొంగను పోల్చుకోలేం. గేటుకు తక్కువ వెడల్పునే దగ్గరగా చూపించే 6 మిల్లీమీటర్ల లెన్స్ పెడితే సరిపోయేది. ధర కూడా పెద్ద తేడా లేదు.

హార్డ్‌డిస్కు సంగతి రెండు ముక్కల్లో: నెల రోజుల రికార్డింగ్ అన్నాడు, పెట్టింది 2 టెరాబైట్లు. ఒక్కో కెమెరా సెకనుకు 4 మెగాబిట్లతో రాస్తే రోజుకు 43 గిగాబైట్లు, ఎనిమిదికీ 345. ఆరు రోజులు కూడా నిండవు.

అన్నిటికన్నా మండిపోయేది పాస్‌వర్డ్. ఎన్‌వీఆర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మాకు ఇవ్వలేదు. యాప్ ఖాతా అతని ఫోన్ నంబరు మీదే తెరిచి, మాకు చూసే అనుమతి మాత్రం పంచాడు. అంటే మా ఆడపిల్లలు మెట్లెక్కడం దిగడం అతను ఎక్కడ కూర్చుని అయినా చూడొచ్చు. మార్చమంటే ఏడాది మెయింటెనెన్స్ కడితే మారుస్తానన్నాడు. చివరికి మేనల్లుడే ఎన్‌వీఆర్ రీసెట్ చేసి, మొదట్నుంచీ అన్నీ పెట్టాడు. కెమెరాలను ఇంట్లో వాళ్ల వైఫై నుంచి విడదీసి వేరే వీలాన్‌లో (అదే నెట్‌వర్క్‌లో విడిగా ఉండే భాగం) వేశాడు. మీరైతే ఆఖరి విడత డబ్బు చేతిలో ఉండగానే, మీ నంబరు మీద మీ ఎదురుగా ఖాతా తెరిపించి పాస్‌వర్డ్ మీరే టైపు చేయండి.

ఫిర్యాదు చేయొచ్చు కదా అంటారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేస్తే ముందు బిల్లు అడిగారు. మా దగ్గర ఉన్నది తెల్లకాగితం మీద మొత్తం అంకె. జీఎస్టీ లేకుండా అయితే 18 శాతం మిగులుతుందని అతనంటే, మీటింగ్‌లో అందరం తలూపాం. ఆ కాగితం మీద మోడల్ నంబరు లేదు, సీరియల్ నంబరు లేదు. 2025 ఏప్రిల్ నుంచి సీసీ కెమెరాలకు ప్రభుత్వ భద్రతా పరీక్షలు తప్పనిసరి అయ్యాయి కదా, మావి ఆ పరీక్షలు దాటినవో, పాత సరుకు మాకు అంటగట్టాడో తేల్చుకునే దారి కూడా లేదు.

ఇప్పుడు 120 వాట్ల స్విచ్, గేటుకు రాగి కేబులు, 6 మిల్లీమీటర్ల లెన్స్ కెమెరా ఒకటి వేరే చోట కొన్నాం. సామాను టెర్రస్ నుంచి రెండో అంతస్తు వరండాలోకి దించాం. ఈసారి రాత్రి పదకొండింటికి, వీధి లైటు ఆర్పించి, ఎనిమిదీ ఒక గంట ఆగకుండా నడిచాక డబ్బిచ్చాను. జీఎస్టీ బిల్లు తీసుకున్నాను. బండి మాత్రం ఇంకా దొరకలేదు.