ఎఫ్2 కొడితే బిల్లు రావాలి: కీ లిజనరా, కీ బైండింగా?

పూర్ణా మార్కెట్ దగ్గర తెలిసినాయన కిరాణా కొట్టుకి జావా స్వింగ్‌లో (విండోలూ, బటన్లూ ఉండే ప్రోగ్రాములకి జావా ఇచ్చే సామగ్రి) బిల్లింగ్ ప్రోగ్రామ్ రాసిచ్చాను. ఎఫ్2 కొడితే కొత్త బిల్లు రావాలి. ఇంట్లో బ్రహ్మాండంగా పనిచేసింది. కొట్లో పెట్టిన గంటకే ఫోను: "ఏటి బాబూ, ఇందాక వచ్చింది కదా, ఇప్పుడు రావట్లేదేటి?"

తప్పు నాదే. గడులూ బటన్లూ ఉండే ప్యానెల్‌కి కీ లిజనర్, అంటే నొక్కిన ప్రతి కీనీ వినే కోడ్, తగిలించాను. ఫోకస్ (ఇప్పుడు కీబోర్డు ఎవరి చేతిలో ఉందన్నది) దేని దగ్గరుంటే నొక్కిన కీ దానికే అందుతుంది. ఆయన కర్సర్‌ని రేటు గడిలో పెట్టగానే నా ప్యానెల్‌కి ఎఫ్2 వినపడటం మానేసింది. ఫోకస్‌ని బలవంతంగా ప్యానెల్‌కి లాక్కోవచ్చు, కానీ అప్పుడు ఆయన రేటు ఎక్కడ కొడతాడు?

దీనికి మందు కీ బైండింగ్, అంటే కీని ఒక పనికి ముడిపెట్టడం. ఇది జావా 1.3 నుంచీ ఉంది. ఏ కీకి ఏ పేరో ఇన్‌పుట్ మ్యాప్‌లో, ఆ పేరుకి ఏ పనో యాక్షన్ మ్యాప్‌లో రాస్తాం. మొదట్లో ఇదంతా చాదస్తంలా అనిపిస్తుంది. కానీ 'వెన్ ఇన్ ఫోకస్డ్ విండో' రకం మ్యాప్‌లో పెడితే, ఆ విండోలో కర్సర్ ఏ గడిలో ఉన్నా ఎఫ్2 పలుకుతుంది. అదే యాక్షన్‌ని (చేయాల్సిన పనిని) బటన్‌కీ, మెనూకీ కూడా ఇవ్వొచ్చు. ఒక్కచోట డిసేబుల్ చేస్తే మూడూ ఆగుతాయి.

ఇందులోనూ ఒక మెలిక ఉంది, నాకు ఒక సాయంత్రం పట్టింది. సరుకుల జాబితా జేటేబుల్, అంటే స్వింగ్ ఇచ్చే పట్టిక. దానికి ఎఫ్2 అంటే గడిని ఎడిట్ చేయడమని స్వింగే ముందుగా కట్టిపెట్టింది. జాబితా మీద ఫోకస్ ఉంటే ఎఫ్2ని అదే మింగేస్తుంది, విండో దాకా రానివ్వదు. టేబుల్ ఇన్‌పుట్ మ్యాప్‌లో ఎఫ్2కి 'నన్' (ఏ పనీ లేదు) అని రాశాకే దారికొచ్చింది.

రేటు గడిలో అక్షరాలు పడకూడదంటే రెండూ వద్దు. కీ లిజనర్‌తో ఆపితే ఆయన మౌస్‌తో పేస్ట్ చేస్తాడు, అది కీబోర్డు దారిలో రాదు. అక్కడ డాక్యుమెంట్ ఫిల్టరే, గడిలోకి ఏ దారిన వచ్చిన అక్షరాన్నైనా వడకట్టేది అదే.

మరి కీ లిజనర్ ఎందుకంటే, ప్రతి మీటనీ గమనించాల్సిన చోట. మా మేనకోడలికి ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు టైపింగ్‌కి ఒక కీబోర్డు అమరిక) నేర్పడానికి చిన్న టైపింగ్ ప్రోగ్రామ్ రాశాను. ఏ మీట నొక్కిందో కీ ప్రెస్డ్ చెబుతుంది, ఏ అక్షరం పడిందో కీ టైప్డ్ చెబుతుంది. 'కా' కొడితే కీ టైప్డ్ రెండుసార్లు వస్తుంది, ముందు 'క', తర్వాత దీర్ఘం. పిల్ల ఎక్కడ తడబడిందో అక్కడే దొరికిపోతుంది. ఈ పని బైండింగ్‌తో చేయాలంటే మీటకొక వరస రాసుకుంటూ కూర్చోవాలి.