పికప్ వెనక యాక్సిల్ సీళ్ళు ఇంట్లోనే మార్చుకున్నాను: ఆటోజోన్ అరువు పనిముట్ల రివ్యూ

డాలస్ చుట్టుపక్కల మా తెలుగువాళ్ళు ఎవరు ఇల్లు మారినా, చవితికి వినాయకుడి విగ్రహం తేవాలన్నా ఫోను నాకే వస్తుంది. కారణం నా పికప్. 1998 మోడల్ హాఫ్ టన్ బండి, నా దగ్గరకొచ్చి పదకొండేళ్ళు. మార్చిలో ఒకరి సోఫాలు దించి ఇంటికొచ్చి చూస్తే, వెనక ఎడమ చక్రం లోపలి వైపు టైరు మీద నల్లటి చార కారి ఉంది. వేలికి అంటించుకుని వాసన చూశాను. కుళ్ళిన ఉల్లిపాయ కంపు. గేర్ ఆయిల్‌లో గంధకం కలిసిన మందు ఉంటుంది, ఆ కంపు దానిదే. బ్రేక్ ఫ్లూయిడ్ అయితే పల్చగా ఉంటుంది, ఈ వాసన రాదు, బానెట్ కింద డబ్బాలో మట్టం కూడా తగ్గుతుంది. నా బండిలో తగ్గలేదు. అంటే పోయింది యాక్సిల్ సీలే, గేర్ ఆయిల్ చక్రం వైపు కారకుండా ఆపే రబ్బరు పెదవి ఉన్న రింగు.

దగ్గర్లోని మెకానిక్ షాపులో అడిగితే రెండు పక్కలా సీళ్ళు, బ్రేక్ షూలు కలిపి 780 డాలర్లు అన్నారు. వాళ్ళ కష్టానికి అది ఎక్కువని నేననను. కానీ మా నాన్న తెనాలిలో లారీ నడిపేవారు. బడి సెలవులన్నీ నాకు మెకానిక్ షెడ్డులో డీజిల్‌తో బేరింగులు కడగడంలోనే గడిచాయి. ఈ పని నా చేత్తో చెయ్యాలనిపించింది. అడ్డమల్లా ఒక్కటే, బేరింగును పట్టి లాగే పుల్లర్ లేదు.

నా బండిది సి-క్లిప్ యాక్సిల్, అంటే చక్రాన్ని తిప్పే షాఫ్టును లోపలి కొసన సి ఆకారపు క్లిప్పు పట్టి ఉంచుతుంది. జీఎం 8.5 అంగుళాల పది బోల్టులది, ఫోర్డ్ 8.8 అంగుళాలది ఈ కోవకే చెందుతాయి. వీటిలో బేరింగు, సీలు రెండూ యాక్సిల్ గొట్టం లోపల బిగుతుగా కూర్చుని ఉంటాయి. బేరింగు బయటికి రావాలంటే స్లైడ్ హ్యామర్ కావాలి. పొడవాటి కడ్డీ మీద జారే బరువును వెనక్కి లాగి కొడుతుంటే, బేరింగు వెనక తగిలించిన కొక్కెం దాన్ని పట్టి లాగుతుంది. జీవితంలో రెండుసార్లు వాడే ఈ పనిముట్టు ఎవరు కొంటారు? టొయోటా టకోమా ఉన్నవాళ్ళు మాత్రం ఇక్కడే ఆగండి. అందులో బేరింగును షాఫ్టుకే ప్రెస్ చేసి ఉంచుతారు. దాన్ని తీయడానికి హైడ్రాలిక్ ప్రెస్సు కావాలి, అది వేరే పని.

ఆటోజోన్ అనే బండి విడిభాగాల దుకాణంలో లోన్-ఎ-టూల్ అని ఒక ఏర్పాటు ఉంది. పనిముట్టు ఖరీదంతా డిపాజిట్ కడతాం, 90 రోజుల్లోపు తిరిగిస్తే మొత్తం వెనక్కిస్తారు. అద్దె లేదు. ముందు నేను వేరే దుకాణానికి వెళ్ళాను, పేరు రాయను. అక్కడిచ్చిన పెట్టె ఇంట్లో తెరిస్తే కొక్కేల్లో ఒకటి లేదు, మళ్ళీ అంత దూరం తిరిగాను. అందుకే ఆటోజోన్ కౌంటర్ దగ్గరే పెట్టె తెరిచి ముక్కలన్నీ లెక్కపెట్టాను. అన్నీ ఉన్నాయి. కౌంటర్లో పెద్దాయన ‘బేరింగు డ్రైవర్ సెట్ కూడా తీసుకెళ్ళు, సీలు కొట్టేటప్పుడు కావాలి’ అన్నాడు. నేను వద్దన్నాను. అదే నేను చేసిన పొరపాటు, దాని సంగతి కిందకొస్తుంది.

శుక్రవారం రాత్రి నాన్నకు వీడియో కాల్ చేసి బండి కింద చూపించాను.

“ఏరా, బ్రీదర్ చూశావా?”

“ఇంకా లేదు నాన్నా.”

“ముందు అది చూడు. హౌసింగ్‌కి ఊపిరాడకపోతే నువ్వేసే కొత్త సీలు కూడా నెల తిరక్కుండా కక్కేస్తుంది.”

టార్చి వేసి చూస్తే యాక్సిల్ గొట్టం పైన బ్రీదర్ పైపు కొసలో కందిరీగ మట్టిగూడు కట్టి ఉంది. బండి నడుస్తుంటే లోపల ఆయిల్ వేడెక్కుతుంది, గాలి పెరుగుతుంది. పోయే దారి లేకపోతే సీలు పెదవినే తోసుకుని వస్తుంది. ఎనభై ఏళ్ళకు దగ్గరపడ్డ మనిషి తెనాలిలో మంచం మీద కూర్చుని, ఇక్కడి బండి జబ్బు ఒక్క మాటలో పట్టేశారు. ఆ పైపు తీసేసి కొత్తది వేశాను. సీలు మారుస్తున్నవాళ్ళు దయచేసి ఇది వదిలెయ్యొద్దు.

శనివారం ముందు చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టి, వెనక యాక్సిల్ కింద రెండు జాక్ స్టాండ్లు వేశాను. ఒట్టి జాక్ మీద నిలబెట్టి బండి కిందికి వెళ్ళొద్దు. డ్రమ్ములు తీశాక, ఆయిల్ పోసే ప్లగ్గు ముందు విప్పి చూసుకున్నాను. పాత ఆయిల్ దించేశాక అది రాకపోతే కొత్తది పోయడానికి దారుండదు. తర్వాత యాక్సిల్ మధ్యలో ఉండే గేర్ల పెట్టె, అంటే డిఫరెన్షియల్, వెనక మూత. పై బోల్టు ఒకటి వదులుగా ఉంచి, కింద నుంచి మూత ఎడం చేస్తే ఆయిల్ ట్రేలోకి దిగుతుంది.

అసలు భయం ఆ పెట్టెలో చిన్న గేర్లను మోసే అడ్డ కడ్డీని, అంటే క్రాస్ షాఫ్టును, పట్టి ఉంచే చిన్న లాక్ బోల్టు దగ్గర. అది విరిగితే ఆ రోజు పని అక్కడికి సరి. తుప్పు వదిలించే నూనె కొట్టి అరగంట ఆగి, మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ తీశాను. క్రాస్ షాఫ్టు లాగాక యాక్సిల్‌ను లోపలికి నెడితే సి-క్లిప్ చేతిలోకి జారుతుంది. ఈలోపు చక్రం తిప్పకూడదు, లోపలి చిన్న గేర్లు స్థానం తప్పుతాయి. మా అబ్బాయికి పద్నాలుగేళ్ళు, అటువైపు కూర్చుని యాక్సిల్ కదలకుండా పట్టుకున్నాడు.

ఈ రకం యాక్సిల్‌లో బేరింగు రోలర్లు నేరుగా షాఫ్టు మీదే దొర్లుతాయి. అందుకని షాఫ్టు బయటికొచ్చాక సీలు కూర్చునే చోటును గోటితో గీకి చూడాలి. కుడి షాఫ్టు నునుపుగా ఉంది. ఎడమదానికి గోరు తగులుతోంది, గాడి పడింది. అక్కడ మామూలు సీలు వేస్తే మళ్ళీ కారుతుంది. కొత్త షాఫ్టు కొనాలి, లేదా రిపేర్ బేరింగు వెయ్యాలి. బేరింగు, సీలు కలిసి ఒకటే ముక్కగా వచ్చే ఈ రిపేర్ బేరింగు, షాఫ్టు మీద అరగని చోటుకు రోలర్లనీ సీలునీ జరుపుతుంది. నేను అదే వేశాను. పాత బేరింగు స్లైడ్ హ్యామర్ ఆరో దెబ్బకు ఊడి వచ్చింది. ఆ పనిముట్టు లేకుండా ఉలీ సుత్తీతో ప్రయత్నించి ఉంటే గొట్టం అంచు పాడై ఉండేది. ఈ పనికి ఇంతకంటే మంచి సాధనం నాకు తెలీదు.

కుడి వైపు సీలు మాత్రం తొందరపడి పెద్ద సాకెట్ పెట్టి కొట్టాను. వంకరగా దిగి అంచు మడత పడింది. సాయంత్రం మళ్ళీ ఆటోజోన్‌కు వెళ్ళి ఇంకో సీలు కొని, పొద్దున వద్దన్న డ్రైవర్ సెట్టే అడిగి తెచ్చుకున్నాను. కౌంటర్లో ఆ పెద్దాయన ఒక్క మాట అనకుండా తీసిచ్చాడు. సరైన డ్రైవర్ పెట్టి నాలుగు చిన్న దెబ్బలు వేస్తే సీలు గొట్టం అంచుకు సమంగా కూర్చుంది. పెదవికి గ్రీజు రాయడం మరవొద్దు, యాక్సిల్ తిరిగి తోసేటప్పుడు దాని బరువు సీలు మీద పడకూడదు.

ఆయిల్ తాగిన బ్రేక్ షూలను కడిగి వాడదామని చూడకండి. పైకి ఆరినట్టే ఉంటాయి, వేడెక్కగానే లోపలి ఆయిల్ మళ్ళీ పైకొస్తుంది. పిల్లల్ని ఎక్కించుకునే బండి. రెండు పక్కలా కొత్త షూలు వేసి, డ్రమ్ములు బ్రేక్ క్లీనర్‌తో కడిగాను. మూతకు సిలికాన్ పేస్టు పట్టించి బిగించి రాత్రంతా ఆరనిచ్చి, ఆదివారం 80డబ్ల్యూ-90 జీఎల్-5 ఆయిల్ ప్లగ్గు రంధ్రం దాకా పోశాను, దాదాపు 2 లీటర్లు పట్టింది. లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం జారినా రెండోదానికి బలం అందించే రకం డిఫరెన్షియల్) ఉన్న బండికి ఫ్రిక్షన్ మాడిఫయర్ అనే మందు కూడా ఆయిల్లో కలపాలి. నాది ఆ ఏర్పాటు లేని ఓపెన్ డిఫరెన్షియల్, అక్కర్లేదు.

మొత్తం 186 డాలర్లయింది, పాడైన సీలుతో సహా. సోమవారం రెండు పెట్టెలూ తుడిచి తిరిగిచ్చాను. డిపాజిట్ అంతా కార్డుకు తిరిగొచ్చింది. పాత ఆయిల్ కూడా అక్కడే డబ్బు అడక్కుండా తీసుకున్నారు. ఐదుకు ఐదు ఇస్తున్నాను. పనిముట్లు ఎంత మంచివో, ఏం కావాలో ముందే చెప్పే ఆ కౌంటర్ మనిషి అంత విలువైనవాడు.

అప్పటి నుంచి 1,400 మైళ్ళు తిరిగాను, రెండు ఇళ్ళ సామాను మోశాను. మొన్న ఆదివారం నాన్న ఫోన్లో ‘చక్రం లోపల చూపించు’ అన్నారు. కెమెరా తిప్పి, వేలు రాసి చూపించాను. ఎర్ర దుమ్ము తప్ప ఏమీ అంటలేదు.