పెర్ల్ దె జార్దాఁ: కేటలాగుల్లోని పువ్వు, మా పెరట్లోని మొగ్గ

ఫ్రాన్స్‌లోని లియోన్ నగరానికి చెందిన ఆంత్వాన్ లెవే 1874లో విడుదల చేసిన ఈ పసుపు టీ గులాబీని (తేయాకును తలపించే పరిమళమున్న పాత గులాబీ జాతి) పాత నర్సరీ కేటలాగులు ఎంతగా పొగిడాయో చదివి మనసు పడినవారు ఆ పొగడ్తలు ఎక్కడ పుట్టాయో కూడా తెలుసుకోవాలి. వాటిలో అబద్ధమేమీ లేదు. కాకపోతే చాలావరకు గాజు కప్పు కింద పూసిన పువ్వును చూసి రాసినవి. ఆనాటి అమెరికాలో కోతపూల వ్యాపారులు దీన్ని గ్రీన్‌హౌసుల్లో చలికాలంలో పూయించేవారు. అక్కడ రేకు మీద వాన చుక్క పడే ప్రసక్తే లేదు.

శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర, వేసవి ఉదయాల్లో సముద్రపు పొగమంచు కమ్మేసే వీధిలో, ఏళ్ల తరబడి దీన్ని ఆరుబయట పెంచుతున్నాను. మొగ్గ నిండుగా ఉబ్బుతుంది, రేపో మాపో విచ్చుకుంటుందనిపిస్తుంది. రాత్రి మంచుకు తడిసిన బయటి రేకులు పొద్దెక్కాక ఎండకు ఆరి, ఒకదానికొకటి అతుక్కుని గట్టి పొరలా బిగుసుకుంటాయి. లోపల కిక్కిరిసిన రేకులు ఆ పొరను తోసుకుని బయటికి రాలేక అక్కడే మగ్గి, గోధుమరంగుకు తిరిగి, బూజు పట్టి, కాడ మీదే కుళ్లిపోతాయి. ఒక జూన్‌లో మొక్క నిండా మొగ్గలు వేసి, ఒక్కటీ సరిగా విచ్చుకోలేదు. బయటి పొరను గోటితో ఒలిచి చూస్తే, ఆ పాడైన ముద్దలోంచి కూడా కమ్మని టీ పరిమళం వస్తూనే ఉంది. అసలు కడుపుమంట అదే.

కొమ్మ నాటి పెంచిన రెండో మొక్కను దక్షిణపు గోడ పక్కన, చూరు కింద పెట్టాక గానీ కేటలాగుల మాట నాకు నిజం కాలేదు. గోడ వెచ్చదనానికి మొగ్గలు మధ్యాహ్నానికల్లా విచ్చుకుని, నడుమ రేకులు నాలుగు పాయలుగా చీలి కనిపిస్తాయి. రంగు విషయంలో ఆ కేటలాగులు రాసినవారిలో ఒకరు నిండు పసుపన్నారు, మరొకరు గడ్డిరంగన్నారు, ఇద్దరిదీ నిజమే. మా దగ్గర అక్టోబరు చల్లదనానికి పూసినది ముదురుగా ఉంటుంది, ఎండ మండిన రోజున పూసినది వెలవెలబోతుంది. కాడ గట్టిదన్న వాటి మెప్పును మాత్రం కొంచెం తగ్గించుకోవాలి: పెద్ద పువ్వు బరువుకు అది కొద్దిగా వంగుతుంది.

మంచు తగలని పొడి ప్రాంతంలో ఉన్నవారికి నా ఫిర్యాదంతా అనవసరంగా తోచవచ్చు. మా వీధిలాంటి చోట ఉండి, చూరు కింద జాగా లేనివారికైతే నేను దీన్ని సిఫారసు చేయలేను.