మోడల్ టి మాగ్నెటోనా, బాష్ మాగ్నెటోనా: పాత కారుకు ఏది మేలు?

మాగ్నెటో అంటే అయస్కాంతాల సాయంతో, ఇంజను తిరుగుడు నుంచే నిప్పురవ్వకు కరెంటు పుట్టించే పరికరం. 1902లో బాష్ కంపెనీ ఇంజనీరు గాట్‌లోబ్ హోనోల్డ్ రూపొందించిన హైటెన్షన్ మాగ్నెటోలో, స్పార్క్ ప్లగ్గుకు కావలసిన వేల వోల్టులు ఒక్క పెట్టెలోనే పుడతాయి. బ్యాటరీ అక్కర్లేదు, విడిగా కాయిల్ కూడా అక్కర్లేదు. 1908 నాటి ఫోర్డ్ మోడల్ టి వేరే దారి పట్టింది. ఫ్లైవీలుకు 16 అయస్కాంతాలు బిగించి, వాటికి ఎదురుగా 16 తీగచుట్లను కదలకుండా నిలిపారు. అక్కడ పుట్టే తక్కువ వోల్టుల కరెంటును నాలుగు ట్రెంబ్లర్ కాయిళ్లు, అంటే కంపించే రేకుతో కరెంటును తెంపుతూ కలుపుతూ ఉండే తీగచుట్లు, పెంచి ప్లగ్గులకు అందిస్తాయి.

చేత్తో తిప్పి స్టార్ట్ చేయడంలో ఫోర్డ్‌దే పైచేయి. దాని కాయిల్ ఒక్క నిప్పురవ్వతో ఆగదు, వరసగా రాలుస్తుంది. కావాలంటే బ్యాటరీతో స్టార్ట్ చేసి తర్వాత మాగ్నెటోకు మార్చుకోవచ్చు. బాష్‌కు వేగం కావాలి. పైగా స్టార్టింగ్ కోసం టైమింగ్ (నిప్పురవ్వ పడే క్షణం) వెనక్కి జరిపితే దాని నిప్పురవ్వ ఇంకా నీరసిస్తుంది. టైమింగ్ నిలకడలో మాత్రం బాష్‌కు సాటి లేదు. ఫోర్డ్‌లో కరెంటు 22.5 డిగ్రీలకు ఒకసారి ఉచ్చస్థాయికి చేరుతుంది కాబట్టి, టైమింగ్ లీవరును మెల్లగా జరిపినా నిప్పురవ్వ మెట్లు దూకినట్టు ముందుకు పోతుంది.

అసలు తేడా పరీక్షలో తెలుస్తుంది. "తిప్పితే షాక్ కొడుతోంది" అని అమ్మేవాడు చెప్పే మాటకు విలువ ఇవ్వకండి. చల్లగా ఉన్నప్పుడు చాలా మాగ్నెటోలు షాక్ కొడతాయి. బాష్‌ను బెంచ్ మీద బిగించి, 5 మిల్లీమీటర్ల ఖాళీ మీదుగా నిప్పురవ్వ దూకిస్తూ వేగం తగ్గించండి, ఎక్కడ తప్పుతోందో చూడండి. తర్వాత బాగా వేడెక్కేదాకా తిప్పండి. తీగ చుట్టి ఉన్న తిరిగే భాగమైన పాత ఆర్మేచర్‌లో తీగలకు పూసిన లక్క మెత్తబడి, కరెంటును దాచే కండెన్సర్ లీకై ప్రాణం పోయేది అప్పుడే. అది తేలితే విప్పి తీగ మళ్లీ చుట్టించుకోవచ్చు.

ఫోర్డ్‌కు ఆ సౌకర్యం లేదు. దాని మాగ్నెటో ఇంజను లోపలే ఉంటుంది. కాయిళ్లను మాత్రం చేతి టెస్టరు మీద 1.3 ఆంపియర్లకు సరిచేయవచ్చు. మాగ్నెటో కరెంటు తగ్గితే ముందు కరెంటు బయటికి వచ్చే కాంటాక్టు పోస్టు విప్పి చూడండి, గేరుబాక్సు బ్యాండ్ల (డ్రమ్ములను బిగించే పట్టీల) పీచు అక్కడ చేరుతుంది. తీగచుట్లే కాలితే ఇంజను దించాల్సిందే.

అయినా మోడల్ టి ఉన్నవారు దాని మాగ్నెటోనే ఉంచుకోవాలంటాను. 20 అశ్వశక్తుల నెమ్మది ఇంజనుకు ఆ మెట్ల టైమింగ్ అడ్డు కాదు. వేగంగా తిరిగే ఇతర నాలుగు సిలిండర్ల కార్లకైతే బాష్ తీసుకోండి, వేడి పరీక్ష నెగ్గినదే.